నొప్పి తెలియని పాదం

ఆళ్లగడ్డ,
9 ఫిబ్రవరి 1977

ప్రియమైన అన్నకు,

అరుణ వందనాలు. వదిన, పిల్లలు బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం బడికే వచ్చింది. ఈస్టర్ దాటిన రెండో గురువారం పెళ్లి ఖాయం చేసినట్టు రాశావు. డోన్ నుంచి పరంజ్యోతి గారి అమ్మ స్వయంగా నంద్యాలకు వచ్చి వదినతో మాట్లాడి పోయారని చదివి సంతోషపడ్డాను. ముప్పై ఏళ్లు నిండిన టీచరమ్మను చేసుకోవడానికి రైల్వే గుమాస్తా ఒకాయన ముందుకు రావడం నీ ప్రార్థనల ఫలమని రాశావు. కావచ్చు. ఆయనను ఒక్కసారే చూశాను. మాట నెమ్మది. నాకు అభ్యంతరం ఏమీ లేదు.

కానీ ఈ ఉత్తరం పెళ్లి గురించి కాదన్నా. మూడు రోజుల నుంచి నాకు అన్నం సయించడం లేదు. నంద్యాలలో నువ్వు సంఘ పెద్దవు. నీకు చెబితే దారి చూపిస్తావని రాస్తున్నాను.

మా బడి ఊడ్చే విజయమ్మ గురించి ఇదివరకు రాశాను గదా. ఆమె భర్త మద్దిలేటి రాతిపని చేసేవాడు. ఇక్కడి మన గుడిలోనూ, గుడి వరండాలోనూ పరిచిన నాపరాళ్లన్నీ ఆయన చేత్తో కోసి పరిచినవే. ఆరేళ్ల కిందట ఆయనకు పెద్దరోగం వచ్చింది. దూరాన ఎక్కడో ఆసుపత్రిలో ఉంచుకుని నయం చేసి, మొన్న క్రిస్మస్‌కు ముందు ఇంటికి పంపించారు. డాక్టరు సంతకం, ముద్ర ఉన్న కాగితం ఇంగ్లీషులో ఉంటే విజయమ్మ నా దగ్గరికే తెచ్చింది. కుష్టు పూర్తిగా తగ్గిందని, ఎవరికీ అంటుకోదని, నలుగురిలో కలిసి తిరగవచ్చని రాసి ఉంది. చేతివేళ్లు మాత్రం చాలావరకు పోయాయి.

మొన్న ఆరో తారీఖు ఆదివారం ప్రభు భోజనం. ఆరాధనకు ముందే పాస్టరు ఏసయ్య అయ్యగారిని గురవయ్య వాకిట్లో ఆపేశాడు. గురవయ్య అంటే నేను అద్దెకుంటున్న ఇంటి యజమానే, ఇక్కడి సంఘ పెద్ద.

"అయ్యగారూ, మద్దిలేటి లోపలికి రాకూడదు. వరండాలో కూచోనీండి. రొట్టె కాగితంలో పెట్టి ఇయ్యండి. గిన్నె మాత్రం ఆయప్పకు ముట్టనీయొద్దు. మా ఆడోళ్లు తాగేది గూడా అదే గిన్నె."

"డాక్టరు కాగితం ఇచ్చినాడు గదా గురవయ్యా" అన్నారు ఏసయ్య అయ్యగారు.

"ఆ కాగితం నమ్ముకుని మమ్మల్ని సావమంటారా? మీ ఇష్టం. రేపట్నించి గుడికి ఎవురూ రారు, సూస్కోండి."

అయ్యగారు మంచివారే. కానీ చిన్న సంఘం, చిన్న జీతం, నలుగురు పిల్లలు. తల వంచుకున్నారు. వరుసలో నా వంతు వచ్చింది. నేను గిన్నె అందుకుని ద్రాక్షరసం తాగి, బట్టతో అంచు తుడిచి ఇచ్చి, వచ్చి నా చోట కూర్చున్నాను. అక్కడి నుంచి వాకిలి గుండా మద్దిలేటి కనిపిస్తున్నాడు. రెండు అరచేతుల మధ్య రొట్టెముక్క ఉన్న కాగితం పట్టుకుని, గిన్నె కోసం ఎదురుచూస్తున్నాడు. అయ్యగారు గడప దాకా పోయి వెనక్కి తిరిగారు. మద్దిలేటి ఇంకా కాసేపు చూశాడు. తర్వాత ఆ ఎండు రొట్టెముక్క నోట్లో వేసుకున్నాడు. గుడిలో యాభై మందిమి ఉన్నాం. ఒక్కరమూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

మరుసటి రోజు విజయమ్మ బడి ఊడుస్తూ, తల ఎత్తకుండానే అంది: "టీచరమ్మా, ఆసుపత్రిలోనే బాగుండె అంటాండాడు మా ఆయప్ప. ఆడ అందరూ ఒకే తీరుగ ఉండ్రంట. ఈడికొచ్చినాకనే రోగమొచ్చినట్టుండాదంట."

అన్నా, నువ్వు అయ్యగారికి ఒక్క ఉత్తరం రాయి. నంద్యాల సంఘ పెద్ద రాస్తే ఇక్కడ వింటారు.

నీ జవాబు కోసం చూస్తూ,
నీ చెల్లెలు
అరుణకుమారి

*

ఆళ్లగడ్డ,
20 మార్చి 1977

ప్రియమైన అన్నకు,

వందనాలు. నీ జవాబు అందింది. నాలుగే వాక్యాలు. "పెళ్లయ్యేదాకా గుడిలో నోరు మూసుకుని ఉండు. ఆ విజయమ్మ ఇంటివైపు పోవద్దు. నేనెవరికీ ఏమీ రాయను. ఇది చదివి చింపెయ్." ఆ చివరి మాట చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఇందులో చింపేయాల్సినంత రహస్యం ఏముంది? దాని సంగతికి తర్వాత వస్తాను. ముందు ఇక్కడ జరిగింది నా నోటి నుంచే నువ్వు వినాలి.

ఈ నెల ఆరున మళ్లీ ప్రభు భోజనం. నేను లోపలికి పోలేదు. వరండాలో మద్దిలేటి పక్కన కూర్చున్నాను. ఆయన దూరంగా జరిగాడు.

"వద్దు తల్లీ. నీకు పెండ్లి కుదిరిందంట. లోపలికి పో."

"నువ్వు పరిచిన బండలే గదన్నా. నేనూ కూచుంటా."

గురవయ్య లోపలి నుంచే చూసి లేచి వచ్చాడు. "ఏందీ టీచరమ్మా ఈ నాటకం? బడిలో పిల్లోళ్లకు చెప్పుకో నీ పాఠాలు, ఈడ కాదు."

గడపలో నిలబడిన అయ్యగారితో అన్నాను: "అయ్యగారూ, ముందు ఈ అన్నకియ్యండి. ఆ తర్వాత నాకియ్యండి."

అయ్యగారు ఎంతసేపు నిలబడ్డారో చెప్పలేను. లోపల పాట ఆగిపోయింది. చివరకు గడప దిగి వంగి, గిన్నె మద్దిలేటి ముందుకు చాచారు. మద్దిలేటి వేళ్లు లేని అరచేతుల మధ్య దాన్ని ఇరికించి పట్టుకుని ఒక గుక్క తాగాడు. బండ మీద ఒక చుక్క పడితే తన తువాలు అంచుతో గబగబా తుడిచాడు, తప్పు చేసినవాడిలాగా. గిన్నె నాకు అందింది. నేను తాగాను.

నేనేదో ధైర్యవంతురాలినని అనుకోవద్దన్నా. గిన్నె అంచు పెదవికి తగిలినప్పుడు నా ఒళ్లు జలదరించింది. అది దాచి రాస్తే ఈ ఉత్తరం మొత్తం అబద్ధమవుతుంది. ఆ తర్వాత వారం రోజులూ పొద్దున్నే వాకిట్లో నిలబడి మోచేతులు వెలుతురులో తిప్పి తిప్పి చూసుకున్నాను. డాక్టరు కాగితం చదివి విజయమ్మకు అర్థం చెప్పిన నేనే.

నా తర్వాత ఎవరూ తాగలేదు. అయ్యగారు గిన్నె తీసుకుపోయి, మా అందరికీ వీపు చేసి నిలబడి, మిగిలిందంతా ఆయనే తాగేశారు.

ఆ సాయంత్రమే గురవయ్య నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయమన్నాడు. ఆయన భార్య దెబోరమ్మ నాకు నీళ్లు పట్టుకునే చోటు వేరే చూపించింది. "ఏమీ అనుకోవద్దమ్మా, మనవరాలు తిరుగుతాండాది ఇంట్లో" అంది. మూడేళ్లుగా నేను చేసిన చారు రుచి చూడందే అన్నం కలుపుకోని మనిషి. బడిలో నాతో కలిసి డబ్బా విప్పే టీచర్లు ఇప్పుడు వేరే గదిలో తింటున్నారు. గుడిలో రెండు ఆదివారాలుగా నా వరుసలో నేనొక్కదాన్నే. మద్దిలేటి రావడం మానేశాడు. తన వల్ల నాకీ గతి పట్టిందని బాధపడుతున్నాడట.

పరంజ్యోతి గారి ఉత్తరం కూడా వచ్చింది. వాళ్లమ్మ భయపడుతోందట. నేను సంఘానికి క్షమాపణ చెప్పి, ఆసుపత్రిలో పరీక్ష చేయించుకుని కాగితం పంపిస్తే ఆలోచిస్తారట. కాగితం తెచ్చిన మనిషికి ఇక్కడ ఏం జరిగిందో కళ్లారా చూశాను గనుక, పంపలేనని రాశాను. కాబట్టి పెళ్లి లేదు. వదినను బాధపడొద్దని చెప్పు.

మొన్నొక మధ్యాహ్నం ఎన్నికల జీపు మా వీధిలోకి వచ్చింది. మైకులో "అమ్మలారా, అక్కలారా" అని పిలుస్తుంటే, నన్నే ఎవరో పిలిచినట్టు లేచి తలుపు దగ్గరికి పోయాను. జీపు దాటిపోయాక గాని నాకు తెలివి రాలేదు. పెద్దవాళ్లెవరూ నాతో మాట్లాడి అప్పటికి నాలుగు రోజులైంది.

ఇక నువ్వు చింపేయమన్న సంగతి. అన్నా, నాయన గుంతకల్లులో జ్వరంతో పోలేదు. నాకు తెలుసు.

యాభై ఆరులో నాకు తొమ్మిదేళ్లు. నాయన పత్తి మిల్లులో బాయిలరు దగ్గర బొగ్గు ఎగదోసేవాడు. అమ్మ కట్టిచ్చిన సద్ది నేనే తీసుకుపోయేదాన్ని. ఒకరోజు నాతో నవ్వుతూ మాట్లాడుతుండగానే ఎర్రటి బొగ్గుకణిక జారి ఆయన పాదం మీద పడింది. చర్మం కాలిన వాసన వచ్చింది. ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. నేను కేక వేస్తే కిందికి చూసి, దులిపేసుకున్నాడు.

"నొప్పి లేదా నాయనా?"

"మీ నాయనకు నొప్పి యాడిదిలే పాపా!"

నాకు ఎంత గర్వమో! ఆ సాయంత్రం వీధి కొళాయి దగ్గర పిల్లలందరి ముందూ గొప్పలు పోయాను. మా నాయనకు నిప్పు తగిలినా నొప్పి పుట్టదని, పాదం మీద కణిక పడితే నవ్వాడని చెప్పాను. నీళ్లకు వచ్చిన ఆడవాళ్లంతా మాట ఆపేశారు. ఒకామె నిండకుండానే తన బిందె తీసుకుని వెళ్లిపోయింది. మూడో రోజుకు నాయన పనికి పోవడం ఆగిపోయింది. మరుసటి వారం పొద్దుటి రైలుకు ఆయనను నువ్వు తీసుకుపోయావు. రెండు నెలల తర్వాత ఒక్కడివే గుంతకల్లుకు పోయి వచ్చి, జ్వరంతో పోయాడని, అక్కడే పూడ్చామని చెప్పావు. అమ్మ బతికినన్నాళ్లూ నాయన పేరు మీద జ్ఞాపకార్థ ప్రార్థన ఒక్కసారైనా పెట్టించలేదు. ఎందుకని నేను అడగలేదు. ట్రైనింగులో ఆరోగ్యశాస్త్రం పుస్తకంలో స్పర్శ తెలియని మచ్చలు పెద్దరోగానికి గుర్తని చదివిన రోజున పుస్తకం మూసి బయటికి వచ్చేశాను.

నాయనను ఆ వీధి నుంచి వెళ్లగొట్టింది నా నోరే. ఇరవై ఒక్క ఏళ్లుగా ఇది ఎవరికీ చెప్పలేదు. ఫిబ్రవరిలో గిన్నె మద్దిలేటి దాకా రాకుండానే వెనక్కి తిరిగినప్పుడు, ఆ వాకిలిలో కనిపించింది మద్దిలేటి కాదన్నా. అందుకే రెండోసారి లోపల కూర్చోలేకపోయాను. దీన్ని ఎవరైనా మంచితనమంటే నాకు సిగ్గుగా ఉంటుంది.

కోపం వద్దు. ఒక్కటే అడుగుతున్నాను. నాయనను ఏ ఊర్లో పూడ్చారో చెప్పు. ఒకసారి పోయి ఆ సమాధి చూసి వస్తాను.

నీ చెల్లెలు
అరుణ

*

నంద్యాల,
27 మార్చి 1977

చెల్లెలు అరుణకు, అన్న యేసుదాసు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. జవాబు రాయడానికి మూడుసార్లు కూర్చుని లేచాను. నాకు నీలాగా రాయడం రాదు.

సమాధి లేదమ్మా. నాయన బతికే ఉన్నాడు.

ముందు నీ మనసులోని ముల్లు తీస్తాను. నాయన పోయింది నీ మాట వల్ల కాదు. అంతకు నెల ముందే మిల్లుకు వచ్చిన డాక్టరు ఆయన వీపు మీది మచ్చలు చూసి నన్ను పిలిచి చెప్పాడు. ఆసుపత్రికి రాసి, చోటు ఉందని జవాబు కూడా తెప్పించుకున్నాను. నువ్వు కొళాయి దగ్గర ఏమన్నావో నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు. తొమ్మిదేళ్ల పిల్ల మాట ఇన్నేళ్లు మోశావా తల్లీ. నన్ను ఒక్కసారి అడిగి ఉంటే ఒక్క నిమిషంలో దించేవాణ్ణి. కానీ నన్ను ఎవరూ ఏమీ అడగలేని మనిషిగా నేనే తయారయ్యాను.

చనిపోయాడని చెప్పమన్నది నాయనే. "రోగిష్టోని కూతురంటే పాపను ఎవురు చేసుకుంటారురా? దానికి పెండ్లయ్యేదాంక నేను సచ్చినట్టే అనుకోండి" అన్నాడు. అమ్మకు తెలుసు. అందుకే బతికున్న మనిషికి జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టనీయలేదు. అరవై ఒకటిలో ఆయనకు పూర్తిగా నయమైంది. ఇంటికి తీసుకుపొమ్మని ఆసుపత్రివాళ్లు రాస్తే పోయి పిలుచుకుని వచ్చాను. డోన్‌లో రైలు మారాలి. ప్లాట్‌ఫారం మీద ఎవరో పసిపిల్లను ఎత్తుకున్న ఆమె ఆయన చేతులు చూసి పక్కకు తప్పుకుంది. నాయన అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాడు. "పాప సదువైపోనీరా. పెండ్లైపోనీ. ఆ ఎనక సూద్దాం" అన్నాడు. నేను ఒక్కసారైనా బతిమాలలేదు అరుణా. వెనక్కి పోయే టికెట్టు కొనుక్కొచ్చాను. బరువు దిగినట్టు అనిపించింది. అదే నా పాపం.

అప్పటి నుంచి ఆసుపత్రి పక్కన కాలనీలోనే ఉంటాడు. వేళ్లు కొన్ని లేకున్నా కోళ్లు సాకుతాడు. సభలకు పోతున్నానని మీ వదినకు చెప్పి ఏడాదికొకసారి పోతాను. పోయిన ప్రతిసారీ కుండలో నీళ్లు ముంచి ఇస్తాడు. దప్పిక లేదంటాను. పదహారేళ్లుగా, రైల్లో పగలూ రాత్రీ ప్రయాణం చేసి పోయి, దప్పిక లేదంటున్నాను. ఆయన నమ్మినట్టే గ్లాసు కింద పెడతాడు.

నువ్వు ఆళ్లగడ్డలో చేసిన పని చదివి నాకు కోపం రాలేదు. నా మీద నాకు అసహ్యం వేసింది. మీ వదిన కృపమ్మకు నిన్న అంతా చెప్పాను. అప్పటి నుంచి నాతో మాట్లాడడం లేదు. నాయనను నంద్యాలకు తెచ్చుకునే ధైర్యం నాకు ఇప్పటికీ లేదమ్మా. నీకు అబద్ధం రాయదలుచుకోలేదు. ఆయన అడ్రసు వేరే కాగితం మీద రాసి ఈ కవరులోనే పెట్టాను. నువ్వేం చేసినా నేను అడ్డం రాను.

నీ అన్న
యేసుదాసు

*

ఆళ్లగడ్డ,
3 ఏప్రిల్ 1977

మా నాయనకు,

నీ కూతురు అరుణకుమారి వందనాలు. నీకు చదువు రాదు గనుక ఈ ఉత్తరం అక్కడ ఎవరో చదివి వినిపిస్తుంటారు. వారెవరో గాని వారికి కూడా నా వందనాలు. కాస్త నిదానంగా చదవమని వారిని వేడుకుంటున్నాను.

నాయనా, నువ్వున్నావని నాకు అయిదు రోజుల కిందట తెలిసింది. అన్న మీద కోపం పెట్టుకోవద్దు. నేనే అడిగాను. అన్న ఉత్తరం బడిలో చదివాను. చదివి, మూడో తరగతి పిల్లలకు ఎక్కాలు చెప్పాను. పదమూడో ఎక్కం సగంలో బోర్డు వైపు తిరిగి నిలబడ్డాను. పిల్లలే మిగతాది అప్పజెప్పుకున్నారు.

నాకు ఇప్పుడు ముప్పై ఏళ్లు. అమ్మ పోలికే అంటారు అందరూ. కళ్లద్దాలు పెట్టుకున్నాను. గవర్నమెంటు బడిలో టీచరుగా ఉన్నాను. నువ్వు కోరుకున్న చదువు అయింది. నువ్వు కోరుకున్న పెండ్లి మాత్రం కాలేదు నాయనా. కుదిరింది, తప్పిపోయింది. ఎందుకు తప్పిందో నీ దగ్గర కూర్చుని చెబుతాను. నువ్వు బాధపడతావని తెలుసు. కానీ ఒక్క మాట విను. నా పెండ్లయ్యేదాకా చచ్చిపోయినట్టే ఉంటానని అన్నావట. ఇక నాకు పెండ్లి ఆశ లేదు, అక్కర కూడా లేదు. కాబట్టి నా కోసం నువ్వు చచ్చిపోయి ఉండాల్సిన పని అయిపోయింది. ఇక నువ్వు బతికి ఉండొచ్చు.

నేను ఉంటున్న ఇల్లు మొన్న ఖాళీ చేశాను. పేట చివర రెండు చిన్న గదుల ఇల్లు దొరికింది. పక్కనే మద్దిలేటి అని ఒకాయన, ఆయన భార్య విజయమ్మ ఉంటారు. ఆయన కూడా నీలాగే ఆసుపత్రి నుంచి వచ్చినవాడు. ఆయనకు నీ సంగతి చెప్పాను. వెంటనే లేచి వచ్చి, వేళ్లు లేని చేతులతోనే నా ముందు గదిలో నేల సరిచేశాడు. "పెద్దాయన పాదాలకు స్పర్శ ఉండదమ్మా, రాయి పొడిసినా తెలీదు. నున్నగ ఉండాల" అన్నాడు. నాకది తోచలేదు.

ఊరు నిన్ను బాగా చూసుకుంటుందని నేను చెప్పలేను. కొందరు మొహం తిప్పుకుంటారు. నాతోనే ఇక్కడ ఎక్కువమంది మాట్లాడరు. రోజంతా ఎవరూ తలుపు తట్టని ఇల్లు ఇది. ఇద్దరం ఉంటే ఒకరి మాట ఒకరికి వినిపిస్తుంది. అన్నం నేను వండుతాను. నీళ్లు నువ్వు ముంచి ఇవ్వు.

ఇరవై మూడు నుంచి ఎండాకాలం సెలవులు. ఇరవై నాలుగు పొద్దున నంద్యాలలో రైలెక్కుతాను. మరునాటి పగటికి మీ కాలనీకి చేరుతాను. వద్దని జవాబు రాయించవద్దు, రాయించినా నేను చదవను. కోళ్లను వదిలి రాలేనంటే రెండు కోళ్లను బుట్టలో పెట్టుకుని రా. డోన్‌లో రైలు మారేటప్పుడు ఎవరు పక్కకు తప్పుకున్నా, ఆ బెంచీ మీద నిన్ను కూర్చోనివ్వను. నా చెయ్యి పట్టుకుని నడుద్దువు.

గేటు దగ్గర నిలబడు నాయనా. నువ్వు నన్ను గుర్తుపట్టలేవు. నేనే పిలుస్తాను.

నీ పాప
అరుణ